అన్‌రెయిడ్ సర్వర్‌లో బూట్ పెన్‌డ్రైవ్ మార్చడం: లైసెన్సూ పోకుండా, డేటా పోకుండా

అన్‌రెయిడ్ అంటే చాలా హార్డ్‌డిస్కులను కలిపి స్టోరేజ్ సర్వర్‌గా నడిపే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్). ఇంట్లో అన్‌రెయిడ్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు బూట్ పెన్‌డ్రైవ్, అంటే సర్వర్‌ను లేపే పెన్‌డ్రైవ్, మార్చే పని తప్పదు. వేలకు వేలు పోసి కొన్న హార్డ్‌డిస్కులు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ ఉన్న పెట్టె కాస్తా వెనక పోర్టుకు గుచ్చిన కొన్ని వందల రూపాయల పెన్‌డ్రైవ్ మీదే లేస్తుంది. అది పోయిన రోజు ఫొటోలూ సినిమాలూ అన్నీ పోయాయనుకుని చాలామంది హడలిపోతారు. అవి ఎక్కడికీ పోవు, డిస్కుల్లోనే ఉంటాయి. తర్వాత మనం తొందరపడి ఏదో ఒకటి నొక్కితేనే అసలు నష్టం.

పెన్‌డ్రైవ్ మార్చడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. కాపీ చేయడం, గుచ్చడం ఎవరైనా చేసేవే. లైసెన్సు కొత్త డ్రైవ్‌కు ఎప్పుడు మార్చుకోవాలి, అర్రే (సర్వర్‌లోని డిస్కుల గుంపు) స్టార్ట్ చేసే ముందు ఏం సరిచూసుకోవాలి అన్న రెండు చోట్లే జాగ్రత్త అవసరం. కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

ఇక్కడ ఫైళ్ల పేర్లు, మెనూల పేర్లు పలికినట్టు తెలుగులో రాశాను. తెర మీద అవే ఇంగ్లీషులో కనిపిస్తాయి. వెర్షన్‌ను బట్టి బటన్లు ఒకటి రెండు చోట్ల అటూఇటూ ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

పెన్‌డ్రైవ్‌లో అసలేముంటుంది

అన్‌రెయిడ్ స్లాక్‌వేర్ లినక్స్ మీద కట్టిన ఓఎస్. సర్వర్ ఆన్ చేయగానే పెన్‌డ్రైవ్‌లోని బీజెడ్‌ఇమేజ్, బీజెడ్‌రూట్ లాంటి ఫైళ్లు ర్యామ్‌లోకి ఎక్కుతాయి. ఆ తర్వాత ఓఎస్ దాదాపుగా ర్యామ్‌లోనే నడుస్తుంది. మనం ఏదైనా సెట్టింగు మార్చినప్పుడే పెన్‌డ్రైవ్ మీద రాత పని పడుతుంది. అందుకే మామూలు పెన్‌డ్రైవ్ కూడా ఏళ్ల తరబడి లాగించేస్తుంది.

ఆ బీజెడ్ ఫైళ్లు పోయినా ఫర్వాలేదు, అదే వెర్షన్ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ప్రాణమంతా కాన్ఫిగ్ అనే ఒక్క ఫోల్డర్‌లో ఉంటుంది. ఏ డిస్కు ప్యారిటీ (వేరే డిస్కు పోతే దాని డేటాను తిరిగి కట్టడానికి పనికొచ్చే డిస్కు), ఏది డిస్కు 1, ఏది డిస్కు 2 అన్న జాబితా అందులోని సూపర్.డాట్ ఫైల్‌లో ఉంటుంది. షేర్ల (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్ల) సెట్టింగులు, యూజర్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ల సంకేత రూపాలు), నెట్‌వర్క్ వివరాలు, ప్లగిన్లు, డాకర్ (యాప్‌లను కంటెయినర్లలో నడిపే ఏర్పాటు) టెంప్లేట్లు కూడా అక్కడే. లైసెన్సు కీ ఫైల్ కూడా అందులోనే.

పెన్‌డ్రైవ్‌లో లేనివి కూడా తెలుసుకోవాలి. డాకర్ ఇమేజ్, యాప్‌డేటా (డాకర్ యాప్‌ల డేటా ఉండే ఫోల్డర్), వర్చువల్ మెషీన్ల వివరాలుండే లిబ్‌వర్ట్ ఇమేజ్ మామూలుగా అర్రేలోనో, క్యాష్ పూల్‌లోనో (అర్రేకు విడిగా ఉండే డిస్కుల గుంపులోనో) ఉంటాయి. అంటే పెన్‌డ్రైవ్ బ్యాకప్ ఉంది కదా అని అన్నిటికీ బ్యాకప్ ఉన్నట్టు కాదు.

ఇక లైసెన్సు. అసలైన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ తయారీలోనే ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది, దాన్ని జీయూఐడీ అంటారు. అన్‌రెయిడ్ కీ ఆ సంఖ్యకు ముడిపడి ఉంటుంది. ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కొత్త డ్రైవ్‌లోకి కాపీ చేసినా కీ చెల్లదు, మార్పిడి చేయించుకోవాల్సిందే. 2024 మార్చికి ముందు కొన్న బేసిక్, ప్లస్, ప్రో కీలకైనా, ఆ తర్వాత వచ్చిన స్టార్టర్, అన్‌లీష్డ్, లైఫ్‌టైమ్ కీలకైనా ఇదే లెక్క.

మార్చాలా, రిపేరు చాలా

కీ ఒకసారి కొత్త డ్రైవ్‌కు మారాక పాత డ్రైవ్ జీయూఐడీని బ్లాక్‌లిస్టులో పెట్టేస్తారు. ఇక దానితో వెనక్కి పోవడం కుదరదు. కాబట్టి డ్రైవ్ నిజంగా పాడైందా, లేక దానిలోని ఫైల్ సిస్టమ్ మాత్రమే చెదిరిందా అన్నది ముందు తేల్చుకోండి.

కరెంటు పోయి సర్వర్ ఠక్కున ఆగిపోయిన మర్నాడు బూట్ కాకపోతే, చాలాసార్లు చెదిరింది ఫైల్ సిస్టమే. పెన్‌డ్రైవ్ తీసి విండోస్ కంప్యూటర్‌కు పెట్టి ఎర్రర్ చెకింగ్ నడపండి. అన్నిటికంటే ముందు కాన్ఫిగ్ ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని ఆ తర్వాతే చెకింగ్ నడపాలి. రిపేరు టూల్ చదవలేని ఫైళ్లను ముక్కలు చేసి పక్కన పడేసే ప్రమాదం ఉంది. తర్వాత మీ వెర్షన్ జిప్ డౌన్‌లోడ్ చేసి, బీజెడ్‌తో మొదలయ్యే ఫైళ్లను పాతవాటి మీద కాపీ చేసి చూడండి. లేస్తే అదే డ్రైవ్, అదే జీయూఐడీ, లైసెన్సు జోలికే పోనక్కర్లేదు.

సర్వర్ నడుస్తూండగా సిస్‌లాగ్‌లో (సర్వర్ తన పనుల గురించి రాసుకునే చిట్టాలో) యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అనో, ఫ్యాట్ ఎఫ్‌ఎస్ ఎర్రర్ అనో, ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ అయిందనో, స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్ అనో వస్తుంటే ముందు పోర్టు మార్చి చూడండి. వెనక ఉన్న యూఎస్‌బీ 3 పోర్టు నుంచి తీసి యూఎస్‌బీ 2 పోర్టుకు పెట్టాక ఇబ్బంది ఆగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. పోర్టు మార్చినా అవే ఎర్రర్లు వస్తుంటే, లేదా మరో కంప్యూటర్‌లో కూడా అది కనపడుతూ మాయమవుతూ ఉంటే, దాని పని అయిపోయినట్టే.

కొత్తది కొనేటప్పుడు

పేరున్న కంపెనీది, 8 నుంచి 32 జీబీ లోపు, వీలైతే యూఎస్‌బీ 2 డ్రైవ్ తీసుకోండి. స్పీడు ఇక్కడ పనికిరాదు. బూట్ అయ్యేటప్పుడు ఓ పది సెకన్లు తేడా వస్తుంది, అంతే. యూఎస్‌బీ 3 డ్రైవ్‌లు వేడెక్కుతాయి. 24 గంటలూ గుచ్చి ఉండే వస్తువు వేడెక్కకపోవడమే ముఖ్యం. గోరంత సైజులో వచ్చే బుల్లి డ్రైవ్‌ల జోలికి నేనైతే పోను. వేడి పోవడానికి వాటిలో చోటు ఉండదు. కాస్త పొడుగ్గా, లోహపు ఒంటితో ఉన్నవి మేలు.

కార్డ్ రీడర్‌లో మెమరీ కార్డు పెట్టి వాడదామనుకోకండి. చాలా రీడర్లకు వాటికంటూ ప్రత్యేకమైన జీయూఐడీ ఉండదు. నకిలీ పెన్‌డ్రైవ్‌లదీ అదే కథ. వందలాది డ్రైవ్‌లకు ఒకే సంఖ్య ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గరే తిరస్కరిస్తారు. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపిస్తే అనుమానించండి, అమ్మేవాడెవరో చూసి కొనండి.

కొన్నాక, వాడకముందు ఒక పరీక్ష చేయాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత టూల్స్ ఉన్నాయి. అవి డ్రైవ్ నిండా డేటా రాసి, మళ్లీ చదివి సరిపోల్చుతాయి. 32 జీబీ అని అమ్మిన 4 జీబీ డ్రైవ్ ఇక్కడే దొరికిపోతుంది. లైసెన్సు మార్చాక అది నకిలీ అని తెలిస్తే మళ్లీ మొదటికొస్తాం కాబట్టి ఈ పరీక్షకు పట్టే టైమును తగ్గించుకోవద్దు.

పాత డ్రైవ్ పనిచేస్తుండగానే బ్యాకప్

సర్వర్ ఇంకా నడుస్తోంటే అదృష్టమే. బ్రౌజర్‌లో సర్వర్ పేజీ తెరిచి ఈ వరసలో వెళ్లండి.

1. మెయిన్ పేజీలో డిస్కులన్నీ, వాటి సీరియల్ నంబర్లతో సహా కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్‌తో ఫొటో తీసినా చాలు. పూల్ డిస్కులు కూడా అందులో పడాలి. ఈ ఒక్క బొమ్మ తర్వాత ఎన్ని గంటల తలనొప్పి తప్పిస్తుందో చెప్పలేను.

2. సెట్టింగ్స్‌లో డిస్క్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ఆటో స్టార్ట్‌ను నో అని పెట్టి అప్లై చేయండి. ఈ మార్పు బ్యాకప్‌లోకీ వెళుతుంది. కొత్త డ్రైవ్‌తో లేచినప్పుడు మీరు చెప్పేదాకా అర్రే దానంతట అది మొదలవదు.

3. మెయిన్ పేజీలో స్టాప్ నొక్కి అర్రే ఆపండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. అర్రే నడుస్తుండగా తీసిన బ్యాకప్‌లో 'అర్రే నడుస్తోంది' అనే రాసి ఉంటుంది. రేపు దానితో లేచిన సర్వర్, కరెంటు పోయి ఆగిపోయాననుకుని గంటల కొద్దీ ప్యారిటీ చెక్ మొదలుపెడుతుంది. నష్టమేమీ లేదుగానీ అనవసరపు శ్రమ.

4. అదే పేజీలో బూట్ డివైస్ కింద ఉన్న ఫ్లాష్ అనే పేరు మీద నొక్కండి. ఫ్లాష్ బ్యాకప్ బటన్ కనిపిస్తుంది. నొక్కితే డ్రైవ్ మొత్తం జిప్ ఫైల్‌గా మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది.

5. జిప్ తెరిచి చూడండి. కాన్ఫిగ్ ఫోల్డర్, అందులో సూపర్.డాట్, డాట్ కీ అని ముగిసే లైసెన్సు ఫైల్ ఉన్నాయా? ఉంటే మెనూలోంచి షట్‌డౌన్ చేయండి. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపొద్దు.

ఈ జిప్‌లో పాస్‌వర్డ్ హ్యాష్‌లు, వైర్‌గార్డ్ (వీపీఎన్) పెట్టుకుని ఉంటే దాని కీలు కూడా ఉంటాయి. సాయం అడుగుతూ ఎవరికో వాట్సాప్‌లో పంపేయకండి. దాన్ని అదే సర్వర్‌లోని షేర్‌లో దాచుకుంటే ఉపయోగం లేదన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదనుకుంటా.

సర్వర్ లేవకపోయినా పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌లో కనపడుతోంటే కాన్ఫిగ్ ఫోల్డర్‌ను అక్కడి నుంచే కాపీ చేసుకోండి. ఒకటి రెండు ఫైళ్లు చదవడం కుదరకపోయినా మిగతావన్నీ తీసుకోండి. సూపర్.డాట్, కీ ఫైల్, షేర్స్ ఫోల్డర్, ప్లగిన్స్ ఫోల్డర్ వస్తే చాలావరకు గట్టెక్కినట్టే. ఈ దారిలో ఆటో స్టార్ట్ ఆపే వీలుండదు కనుక, కాన్ఫిగ్‌లోని డిస్క్.సీఎఫ్‌జీ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, స్టార్ట్‌అర్రే అన్న వరసలో యెస్ ఉన్నచోట నో అని మార్చండి.

కొత్త డ్రైవ్ సిద్ధం చేయడం

సులువైన దారి అన్‌రెయిడ్ వాళ్ల యూఎస్‌బీ క్రియేటర్ టూల్. వెర్షన్ ఎంచుకోమన్న చోట వెబ్ నుంచి కాకుండా మీ దగ్గరున్న జిప్‌ను ఎంచుకుని, కొత్త పెన్‌డ్రైవ్‌ను చూపించి రాయమంటే సరి. ఎంచుకున్న డ్రైవ్ పేరూ సైజూ రెండుసార్లు చూసుకోండి. కంప్యూటర్‌కు ఇంకేదైనా ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించి ఉంటే ముందే తీసేయడం ఉత్తమం.

టూల్ మొరాయిస్తే చేత్తోనే చేయొచ్చు. డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. విండోస్ ఫార్మాట్ బాక్సులో 32 జీబీ దాటిన డ్రైవ్‌లకు మామూలుగా ఫ్యాట్32 రాదు, చిన్న డ్రైవ్ కొనమనడానికి అదొక కారణం. వాల్యూమ్ లేబుల్ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో అన్‌రెయిడ్ అనే ఉండాలి: యూ, ఎన్, ఆర్, ఏ, ఐ, డీ. వేరే పేరుంటే బూట్ మధ్యలో ఓఎస్ తన డ్రైవ్‌ను తాను వెతుక్కోలేక నిలబడిపోతుంది. తర్వాత జిప్‌లోని ఫైళ్లన్నీ డ్రైవ్ మొదటి స్థాయిలోకి విప్పండి, ఇంకో ఫోల్డర్‌లోకి కాదు. చివరగా డ్రైవ్‌లోనే ఉన్న మేక్‌బూటబుల్ స్క్రిప్టును విండోస్‌లో అయితే రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టి నడపండి. మ్యాక్‌కూ లినక్స్‌కూ వేరు వేరు స్క్రిప్టులు పక్కనే ఉంటాయి.

ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ పేరు ఒకసారి చూడండి. పేరు చివర చిన్న గీత ఉంటే యూఈఎఫ్ఐ (కొత్త తరహా) బూట్ ఆపేసినట్టు. మీ సర్వర్ యూఈఎఫ్ఐలో లేచేదైతే ఆ గీత తీసేయాలి.

పనిలో పనిగా కొత్త వెర్షన్ కూడా వేసేద్దాం అనిపిస్తుంది. వద్దు. ఏదైనా తేడా వస్తే తప్పు డ్రైవ్‌దా వెర్షన్‌దా అన్నది తేలదు. పాత వెర్షన్‌తోనే లేపి, ఒక వారం నడిచాక అప్‌డేట్ సంగతి చూసుకోవచ్చు.

గుచ్చి లేపడం

పాత డ్రైవ్ తీసి కొత్తది పెట్టండి, వీలైతే యూఎస్‌బీ 2 పోర్టుకే. మదర్‌బోర్డు మీద యూఎస్‌బీ 2 హెడర్ ఖాళీగా ఉంటే, దానికి తగిలించే చిన్న అడాప్టర్ కొని డ్రైవ్‌ను క్యాబినెట్ లోపలే పెట్టేయొచ్చు. ఊడ్చేటప్పుడు చీపురు తగలడం, పిల్లలు సరదాగా పీకేయడం లాంటివి ఉండవు.

కొత్త డ్రైవ్ బయాస్‌కు (ఓఎస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌కు) కొత్త వస్తువే. బూట్ వరసలో పాత డ్రైవ్ చోటులో ఏదో హార్డ్‌డిస్కు వచ్చి కూర్చుంటుంది. మానిటర్, కీబోర్డు తగిలించి బయాస్‌లోకి వెళ్లి కొత్త డ్రైవ్‌ను మొదట పెట్టండి. సెక్యూర్ బూట్ ఆపి ఉండాలి. నల్ల తెర మీద గీత ఆడుతూ ఆగిపోతే యూఈఎఫ్ఐ, లెగసీ (పాత తరహా బూట్) రెండింటిలో ఇప్పుడున్నది కాకుండా మరొకటి ప్రయత్నించండి. అన్‌రెయిడ్ మెనూ కనిపించి, అక్షరాలు పరిగెత్తి, చివరికి లాగిన్ అడిగితే పని సగం అయినట్టు.

లైసెన్సు మార్పిడి

బ్రౌజర్‌లో మీ సర్వర్ చిరునామా తెరవండి. పేరు మార్చకపోతే టవర్.లోకల్. పాత పాస్‌వర్డే పనిచేస్తుంది. కీ ఈ డ్రైవ్‌కు సరిపోలడం లేదని పైన గగ్గోలు పెడుతుంది, అది మామూలే.

ఇప్పుడే రీప్లేస్ కీ నొక్కకండి. ఓ పది నిమిషాలు అలా ఉంచి, ఇంటర్నెట్ అందుతోందా, సిస్‌లాగ్‌లో యూఎస్‌బీ ఎర్రర్లేమైనా వస్తున్నాయా, మెయిన్ పేజీలో డిస్కులు వాటి చోట్లలో ఉన్నాయా చూడండి. ఒకసారి రీబూట్ చేసి మళ్లీ లేస్తోందో లేదో చూస్తే ఇంకా మంచిది. ఇప్పటిదాకా పాత డ్రైవ్‌కే లైసెన్సు ఉంది. కొత్తది మొరాయిస్తే దీన్ని పక్కన పడేసి ఇంకొకటి ప్రయత్నించే స్వేచ్ఛ ఉంది. ఆ బటన్ నొక్కాక ఆ స్వేచ్ఛ ఉండదు.

అంతా బాగుందనిపించాక టూల్స్‌లో రిజిస్ట్రేషన్ పేజీకి వెళ్లి రీప్లేస్ కీ నొక్కండి. కీ కొన్నప్పుడు వాడిన ఈమెయిల్‌తో లాగిన్ అవమంటుంది. చెప్పినట్టు చేస్తూ పోతే కొత్త కీ దానంతట అదే దిగుతుంది, లేదా ఈమెయిల్‌కు లింకు వస్తుంది. లింకు వస్తే దాన్ని అదే పేజీలోని ఇన్‌స్టాల్ కీ పెట్టెలో అతికించాలి. తర్వాత కాన్ఫిగ్ ఫోల్డర్‌లో రెండు కీ ఫైళ్లు కనిపిస్తే పాతదాన్ని తీసేయండి.

మొదటిసారి మార్పిడి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆ తర్వాత ఆటోమేటిక్‌గా చేసుకోవడం 12 నెలలకు ఒకసారే. ఈలోపు మళ్లీ డ్రైవ్ పోతే వాళ్ల సపోర్టుకు రాయాల్సి వస్తుంది, జవాబు వచ్చేదాకా ఆగాలి. పెన్‌డ్రైవ్‌ను పరీక్షించి వాడమని అంతగా చెప్పింది ఇందుకే.

స్టార్ట్ నొక్కే ముందు

స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని మెయిన్ పేజీ తెరవండి. అన్‌రెయిడ్ డిస్కులను సీరియల్ నంబర్‌తో గుర్తుపడుతుంది, ఏ సాటా కేబుల్‌కు ఉందన్నది దానికి అక్కర్లేదు. కాబట్టి చూడాల్సింది సీరియల్ నంబర్లే. ప్యారిటీ చోట ఉన్న నంబరు స్క్రీన్‌షాట్‌లో ఉన్నదేనా? డిస్కు 1, డిస్కు 2, పూల్ డిస్కులు? ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిపోల్చండి.

అన్నీ సరిపోయి, కింద కాన్ఫిగరేషన్ వాలిడ్ అని ఉంటే స్టార్ట్ నొక్కొచ్చు. ఏ డిస్కు పక్కనైనా నీలం గుర్తు, అంటే కొత్త డివైస్ అన్న గుర్తు కనిపించినా, 'స్టార్ట్ చేస్తే ఈ డివైస్‌లోని డేటా మొత్తం ఓవర్‌రైట్ అవుతుంది' అన్న హెచ్చరిక కనిపించినా ఆగండి. తాజా బ్యాకప్ పెట్టినప్పుడు అవి రాకూడదు. వచ్చాయంటే ఎక్కడో లెక్క తప్పింది.

స్టార్ట్ అయ్యాక ఏ డిస్కైనా అన్‌మౌంటబుల్ (తెరవడం కుదరనిది) అని వస్తే, కిందే ఫార్మాట్ బటన్ ఊరిస్తూ ఉంటుంది. దాని జోలికి పోకండి. ఫార్మాట్ అంటే రిపేరు కాదు. ప్యారిటీ ఉంది కదా అని ధీమా వద్దు, ఫార్మాట్ చేస్తే ప్యారిటీ కూడా ఆ ఖాళీ డిస్కుకు తగ్గట్టే మారిపోతుంది.

పాత బ్యాకప్ మాత్రమే ఉంటే

ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన పరిస్థితి, బ్యాకప్ అసలే లేకపోవడం కంటే కూడా. ఉదాహరణకు ఏడాది కిందటి జిప్ ఉందనుకుందాం. ఆ తర్వాత మీరు 8 టీబీ ప్యారిటీ తీసి 16 టీబీది పెట్టారు, ఆ పాత 8 టీబీ డిస్కును డేటా డిస్కుగా అర్రేలో చేర్చారు, దాని నిండా పెళ్లి వీడియోలు ఉన్నాయి. ఇప్పుడు ఏడాది కిందటి సూపర్.డాట్‌తో లేచిన సర్వర్‌కు ఆ 8 టీబీ డిస్కు ఇంకా ప్యారిటీయే. స్టార్ట్ నొక్కితే పెళ్లి వీడియోల మీద ప్యారిటీ బిట్లు రాసుకుంటూ పోతుంది.

అందుకే, బ్యాకప్ తర్వాత డిస్కుల్లో ఏ మార్పు చేశారో నూటికి నూరుపాళ్లు గుర్తులేకపోతే, బూట్ చేయకముందే కంప్యూటర్‌లో సూపర్.డాట్ పేరు మార్చేయండి. అప్పుడు షేర్లు, యూజర్లు, ప్లగిన్లు అన్నీ పాత బ్యాకప్ నుంచి వస్తాయి, డిస్కుల జాబితా మాత్రం ఖాళీగా ఉంటుంది. దాన్ని మీరే చేత్తో నింపుతారు. ఎలాగో కింద చూద్దాం.

డిస్కుల జాబితా పోతే

ముందు పాత స్క్రీన్‌షాట్లు, సర్వర్ పంపిన నోటిఫికేషన్ ఈమెయిళ్లు, ఎప్పుడో సేవ్ చేసిన డయాగ్నస్టిక్స్ (సర్వర్ స్థితి నివేదికల) జిప్ వెతకండి. డయాగ్నస్టిక్స్‌లో డిస్కుల వివరాలుంటాయి. అన్‌రెయిడ్ కనెక్ట్ ప్లగిన్‌లో ఫ్లాష్ బ్యాకప్ ఆన్ చేసి పెట్టుకున్నారేమో చూడండి. ఆన్ చేసిన సంగతి మరిచిపోయినవాళ్లూ ఉంటారు.

ఏదీ దొరకకపోతే ఒక సూత్రం మీద ఆధారపడాలి: డేటా డిస్కులో ఫైల్ సిస్టమ్ ఉంటుంది, ప్యారిటీ డిస్కులో ఉండదు. ఇంకో ఆనవాలు, ప్యారిటీ ఎప్పుడూ అర్రేలోని అతి పెద్ద డేటా డిస్కుకు సమానంగానో, ఇంకా పెద్దగానో ఉండాలి. 4 టీబీ, 4 టీబీ, 12 టీబీ ఉన్నచోట ప్యారిటీ ఏదో చెప్పడానికి ఆలోచించనక్కర్లేదు.

పద్ధతి ఇది. ప్యారిటీ చోట్లు ఖాళీగా వదిలి, అర్రే డిస్కులన్నిటినీ డేటా చోట్లలో పెట్టండి. పూల్ డిస్కులను ఇందులో కలపొద్దు. ప్యారిటీ లేకుండా స్టార్ట్ చేయండి. డేటా ఉన్నవి మౌంట్ అయి, ఫైళ్లు కనిపిస్తాయి. అన్‌మౌంటబుల్ అన్నది ప్యారిటీ. ఎన్ని ప్యారిటీలు పెట్టుకున్నారో అన్నే అన్‌మౌంటబుల్ రావాలి. ఎక్కువ వస్తే వాటిలో ఒకటి దెబ్బతిన్న డేటా డిస్కన్నమాట, అక్కడ ఆగి తెలిసినవాళ్లను అడగండి. అర్రే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పాస్‌ఫ్రేజ్ ఇవ్వకుండా ఏదీ మౌంట్ కాదు, దాన్ని చూసి హైరానా పడొద్దు.

ప్యారిటీ ఏదో తేలాక అర్రే ఆపి, సీరియల్ నంబరు రాసుకుని, టూల్స్‌లో న్యూ కాన్ఫిగ్ నడపండి. ఉన్న అసైన్‌మెంట్లు అలాగే ఉంచమని చెప్పి, తేలిన డిస్కును ప్యారిటీ చోటికి మార్చండి. స్టార్ట్ పక్కన 'ప్యారిటీ ఈజ్ ఆల్రెడీ వాలిడ్' అన్న పెట్టెకు టిక్కు పెట్టి స్టార్ట్ చేయండి. ఇందాక ప్యారిటీ లేకుండా మౌంట్ చేసినప్పుడు డిస్కుల్లో కొద్దిగా రాతలు పడి ఉంటాయి కాబట్టి, కరెక్షన్లతో సహా ప్యారిటీ చెక్ తప్పనిసరి. మొదట్లో కొన్ని ఎర్రర్లు చూపిస్తే సహజమే.

రెండు ప్యారిటీలున్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. మొదటి ప్యారిటీకి డేటా డిస్కుల వరసతో పనిలేదు. రెండోదానికి ఏ డిస్కు ఏ నంబరు చోట ఉందన్నదీ లెక్కే. వరస గుర్తులేకపోతే రెండో ప్యారిటీని కొత్తగా కట్టించుకోవడమే శ్రేయస్కరం.

పూల్ విషయానికొస్తే, రెండు ఎస్ఎస్‌డీలు కలిపి కట్టిన పూల్‌ను అంతే సంఖ్య చోట్లతో, పాత పేరుతోనే సృష్టించి, రెండిటినీ ఒకేసారి అసైన్ చేసి స్టార్ట్ చేయాలి. ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత అంటే కుదరదు. పేరు మారితే యాప్‌డేటా దారి తప్పి డాకర్లు లేవవు.

కీ ఫైల్ కూడా పోయిందనుకోండి, కొన్న ఈమెయిల్‌తో అన్‌రెయిడ్ సపోర్టుకు రాస్తే సాయం చేస్తారు. ఈలోపు కొత్త డ్రైవ్ మీద 30 రోజుల ట్రయల్ కీతో సర్వర్‌ను నడుపుకోవచ్చు.

లేచాక

షేర్లు తెరిచి నాలుగు ఫైళ్లు చూడండి. డాకర్ ట్యాబ్‌లో కంటెయినర్లు వచ్చాయా, వర్చువల్ మెషీన్లు లేస్తున్నాయా చూసుకుని, ఆటో స్టార్ట్ మళ్లీ యెస్ పెట్టండి. వెంటనే కొత్త ఫ్లాష్ బ్యాకప్ తీయండి, ఎందుకంటే కొత్త కీ పాత జిప్‌లో లేదు. ఆ పాత జిప్ పేరులో తేదీతో పాటు 'పాత కీ' అని చేర్చి పెట్టుకుంటే రేపు గందరగోళం ఉండదు.

ఇకపై డిస్కు చేర్చినా, తీసినా, ప్యారిటీ మార్చినా అదే రోజు బ్యాకప్ తీయాలి. నెలకోసారి అని పెట్టుకునే షెడ్యూలు కంటే ఇది ఎక్కువ పనికొస్తుంది. ఎర్రర్లు పట్టుకోవడానికని సిస్‌లాగ్‌ను ఫ్లాష్‌కు మిర్రర్ చేసే సెట్టింగు ఆన్ చేసి ఉంటే ఆపేయండి, రోజంతా లాగ్ రాయించుకుంటే కొత్త డ్రైవ్ కూడా త్వరగా అరుగుతుంది. కరెంటు కోతలున్న చోట యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ కేబుల్‌ను సర్వర్‌కు తగిలించి, సెట్టింగ్స్‌లో యూపీఎస్ ఆప్షన్ ఆన్ చేస్తే, బ్యాటరీ అయిపోయేలోపే సర్వర్ తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది.

పాత పెన్‌డ్రైవ్‌ను నెల రోజుల పాటు పక్కన ఉంచండి. ఏదో ప్లగిన్ సెట్టింగు రాలేదని తర్వాత తెలిస్తే అందులో వెతుక్కోవచ్చు. ఆ తర్వాత ఫార్మాట్ చేసేయండి. ఫార్మాట్ కూడా కానంతగా పాడైతే, అందులో మీ పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఇంకా ఉన్నాయి కాబట్టి, సుత్తితో చిప్పు పగలగొట్టి ఈ-వేస్టులో పడేయండి.